థైలేరియా వచ్చిన ఆవుకి ఈ వైటమిన్ సూదులన్నీ అవసరమేనా?

పుంగనూరు_పాలక్యాను
మాది హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవు, రెండో ఈత, పూటకి తొమ్మిది లీటర్లు ఇచ్చేది. పోయిన సోమవారం దాణా ముట్టలేదు. జొరం 106. ముందుకాలి పైన, భుజం దగ్గర గడ్డ కోడిగుడ్డంత ఉబ్బింది. ఊర్లో సూదులేసే ఆయన మూడు రోజులు వరసగా వచ్చినాడు. వచ్చినప్పుడల్లా ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి వేసి "నీరసం, తేరుకుంటాది" అన్నాడు. నాలుగో రోజు కనురెప్ప తిప్పి చూస్తే కాగితంలాగా తెల్లగా ఉండాది. అప్పుడు ఆస్పత్రి డాక్టరును పిలిస్తే చెవి కొస గుచ్చి స్లైడు తీసి థైలేరియా, పిడుదులు కుడితే రక్తంలో పట్టే పురుగు అన్నాడు. ఆ పురుగును చంపే బ్యూపర్వకోన్ సూది మెడకి రెండు పక్కలా వేసినాడు.

ఇంతవరకు సరే. చీటీలో ఇంకా వైటమిన్ ఇ-సెలీనియం, వైటమిన్ సి, బి కాంప్లెక్స్, ఐరన్, లివర్ టానిక్ రాసినాడు. పురుగును చంపేది ఒకటే మందు కదా, ఈ తోడుపెళ్లికూతుళ్లు ఇంతమంది ఎందుకు? "యాంటీ ఆక్సిడెంట్, రక్తం నిలబడతాది" అని ఒక్క మాట చెప్పి బండెక్కినాడు. తెలిసినవాళ్లు చెప్పండి. సి వైటమినే కావాలంటే మా పెరట్లో నిమ్మచెట్టు ఉండాది.

నాటుకోడి_నాయుడు
నిమ్మకాయ పిండితే పాలు విరుగుతాయి బ్రదర్, ఆలోచించుకో 😄

మందులషాపు_మాజీ
ఆరేళ్లు పశువుల మందుల షాపులో కౌంటర్లో నిలబడ్డాను. నిజం చెప్తున్నా, ఎక్కువ అమ్ముడుపోయేది రోగం మందు కాదు, "శక్తి మందు". రైతు వచ్చి "ఆవు డల్‌గా ఉంది" అంటాడు, మనం ఎర్ర సీసా ఇస్తాం. రంగు ఎంత చిక్కగా ఉంటే అంత నమ్మకం. మీ చీటీలో ఐదింటికి మూడు తీసేసినా ఆవుకి తేడా తెలియదని నా అభిప్రాయం.

కొట్టంకాడ
మీ ఆవు బతికింది, సంతోషం. నాది పోయింది. జెర్సీ క్రాస్, మొదటి ఈత. ఐదు దినాలు సెలైన్లు, వైటమిన్లు ఎక్కించిండ్రు. ఒక్కలు గూడ రక్తం తీసి చూడలే. ఆరో దినం పొద్దుగాల జూస్తే కండ్లల్ల ఎర్ర చుక్కలు, మూతి పసుపు పచ్చగ. మధ్యాహ్నం కల్ల పోయింది. గా వైటమిన్ల పైసలతోని రెండు సార్లు థైలేరియా మందు వస్తుండె. నాకు వైటమిన్ అంటెనే కోపం.

స్లైడు_చూడనిదే
పశువైద్యుణ్ణే, ఇరవై రెండేళ్ల సర్వీసు. పై నలుగురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. నాయుడిగారిది కూడా.

ముందు థైలేరియా ఏం చేస్తుందో చూద్దాం. హయలోమా అనే పిడుదు కుట్టినప్పుడు పరాన్నజీవి ముందుగా తెల్ల రక్తకణాల్లో దూరుతుంది. ఆ కణం చావదు, పైగా పరాన్నజీవితో పాటే రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలుతూ పోతుంది. మీరు చూసిన కోడిగుడ్డంత గడ్డ అదే. దాంట్లోంచి సూదితో కొద్దిగా లాగి రంగు వేసి చూస్తే లోపల నీలి మచ్చలు కనబడతాయి, వాటికి కాక్ బాడీస్ అని పేరు. తర్వాతి దశ ఎర్ర కణాల్లోకి పోతుంది. మీరు చూసిన తెల్ల కనురెప్ప ఆ దశది.

ఇప్పుడు ఆక్సిడెంట్ సంగతి. ఎర్ర కణం పొరలో కొవ్వు ఉంటుంది. పాత వేరుశనగ నూనె గాలికి కనరెక్కుతుంది చూశారా, ఒంట్లో కూడా ఆ పొరకి అదే జరుగుతుంది. పరాన్నజీవి మీదికి దాడికి వచ్చిన మన తెల్లకణాలు వదిలే మంటలాంటి ఆక్సిజన్ రూపాలు, పగిలిన కణంలోంచి బయటపడ్డ ఇనుము, రెండూ కలిసి పక్కనున్న మంచి కణాల పొరను కూడా కనరెక్కిస్తాయి. అలా పాడైన కణాన్ని ప్లీహం "ఇది ముసలిది" అని పట్టి తీసేస్తుంది. అందుకే స్లైడులో వందకి ఐదారు కణాల్లోనే పురుగు కనబడినా రక్తం అంతకంటే చాలా ఎక్కువ పడిపోతుంది.

వైటమిన్ ఇ ఉండేది ఆ కొవ్వు పొరలోనే. కనరును అక్కడికక్కడే ఆపుతుంది. ఆపే పనిలో అది ఖర్చయిపోతే మళ్లీ నిలబెట్టేది వైటమిన్ సి. సెలీనియం లేకపోతే కణం లోపల కనరును ఆపే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము పనిచేయదు. కాబట్టి మీ డాక్టరు రాసింది గాలిలోంచి పుట్టిన మాట కాదు.

అయితే వరస ముఖ్యం. బ్యూపర్వకోన్ పడకముందు ఇవన్నీ పోస్తే చిల్లుకుండలో నీళ్లు. మీ ఊరి సూదులాయన చేసిందీ, పైన కొట్టంకాడ గారి ఆవుకి జరిగిందీ అదే.

మందులషాపు_మాజీ
@స్లైడు_చూడనిదే సార్, అర్థమైంది. కానీ ఒంట్లో అలా జరుగుతుందనడం వేరు, సూది వేస్తే ఆవు బతుకుతుందనడం వేరు. రెండోదానికి రుజువు ఉందా?

స్లైడు_చూడనిదే
సరైన చోటే పట్టుకున్నారు. జరిగిన ప్రయోగాలు చాలావరకు చిన్నవి. ఒక గుంపుకి బ్యూపర్వకోన్ ఒక్కటే, ఇంకో గుంపుకి దాంతో పాటు ఇ-సెలీనియమో, సి వైటమినో. తర్వాత రక్తం తీసి చూస్తారు. వైటమిన్ పడిన గుంపులో హిమోగ్లోబిన్ త్వరగా పైకి రావడం, కొవ్వు కనరెక్కిన గుర్తు (మాలోండయాల్డిహైడ్) త్వరగా తగ్గడం కనిపిస్తుంది. కోలుకునే వేగం పెరుగుతుందనడానికి ఆధారం ఉంది, చావు తప్పుతుందనడానికి అంత గట్టి ఆధారం లేదు. నేను రాస్తాను, కానీ రైతు దగ్గర డబ్బు ఒక్కదానికే ఉంటే బ్యూపర్వకోనే కొనమంటాను.

రాజేంద్రనగర్_హాస్టల్
పీజీ చేస్తున్నా, నాది పారాసైటాలజీనే (పరాన్నజీవుల శాస్త్రం). ఇంకో కోణం ఎవరూ చెప్పలేదు. యాంటీ ఆక్సిడెంట్ ఎప్పుడూ మన పక్షానే ఉంటుందని గ్యారంటీ లేదు. ఆవు ఒళ్లు పురుగు మీద ప్రయోగించే ఆయుధం కూడా ఈ ఆక్సిడేషనే. మలేరియా మీద ఎలుకల్లో చేసిన పాత ప్రయోగాల్లో, వైటమిన్ ఇ లేకుండా చేప నూనె కలిపిన మేత పెడితే పరాన్నజీవి సరిగా పెరగలేదు. అంటే ఇ వైటమిన్ పురుగుకీ గొడుగు పట్టొచ్చు. పశువులకి సర్రా అనే ఇంకో జబ్బు కలిగించే ట్రిపనోసోమా పరాన్నజీవికైతే సొంతంగా ట్రైపనోథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఉంటుంది, మన ఒంట్లో అది ఉండదు. కాబట్టి "ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది" అనేది తప్పు.

స్లైడు_చూడనిదే
నిజమే తమ్ముడూ. అందుకే చంపే మందు ముందు, వైటమిన్ దాంతో పాటు లేదా తర్వాత. అయితే ఎలుక మలేరియాని మన ఆవు థైలేరియాకి నేరుగా అతికించకు. వైవాలో నీ గైడు కూడా ఇదే అడుగుతాడు.

రాజేంద్రనగర్_హాస్టల్
సార్ మీరు మా గైడు కాదు కదా?? 😅

పుంగనూరు_పాలక్యాను
నా నిమ్మకాయ ప్రశ్నకి జవాబు రాలేదు.

స్లైడు_చూడనిదే
మనిషికి సి వైటమిన్ తిండిలోంచి రావాలి. ఆవు, గేదె, మేక, కుక్క కాలేయంలో అవే చేసుకుంటాయి. అందుకే ఆవుకి దంతాల చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ రోగం గురించి మీరు వినలేదు. జబ్బులో ఖర్చు ఎక్కువై, కాలేయం కూడా దెబ్బతింటే అప్పుడు లోటు పడుతుంది. ఇక నోట్లో పోసిన నిమ్మరసం పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు రక్తం దాకా పోనివ్వవు, అక్కడే తినేస్తాయి. అందుకే సూది. నిమ్మకాయలు మీరు మజ్జిగలో పిండుకోండి.

ఒంగోలుజాతి
మా తాతగారి కాలంలో ఈ సూదులేవీ లేవు. ఆవుకి జ్వరమొస్తే ఉల్లిపాయలు, బెల్లం దంచి ముద్ద చేసి తినిపించేవారు. రక్తం పడుతుందని. ఇంట్లో ఉల్లి ఉండగా వందలు పోసి యాంటీ ఆక్సిడెంట్లు కొనడమెందుకు? ఉల్లిలో కూడా అవే ఉంటాయంటున్నారు కదా టీవీలో.

స్లైడు_చూడనిదే
అయ్యా, ఈ ఒక్కటి మాత్రం వద్దు. దయచేసి ఎవరూ చేయకండి. ఉల్లి మనిషికి మంచిదే. పశువు ఎక్కువ తింటే దాంట్లోని గంధకం పదార్థాలు ఎర్ర కణంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిడైజ్ చేసి గడ్డకట్టిస్తాయి. కణం పగిలి మూత్రం ఎర్రగా వస్తుంది. కర్నూలు వైపు ధర పడిపోయినప్పుడు ఉల్లి గుట్టలు పశువులకి వదిలేస్తారే, ఆ సీజన్లో ఈ కేసులు చూశాను. అసలే థైలేరియాతో రక్తం కనరెక్కుతున్న ఆవుకి ఉల్లి పెడితే మంటలో నూనె పోసినట్టే.

ఒంగోలుజాతి
మా తాత పెట్టిన ఆవులు బతికాయండీ మరి.

స్లైడు_చూడనిదే
మీ తాతగారివి ఒంగోలు ఆవులు. నాటు జాతికి థైలేరియా వచ్చినా చాలాసార్లు తేలిగ్గా పోతుంది, హెచ్‌ఎఫ్, జెర్సీ రక్తానికే అది ప్రాణాంతకం. పైగా ఆయన పెట్టింది గుప్పెడు ఉల్లి అయ్యుంటుంది. బతికింది జాతి బలంతో, పేరు ఉల్లికి వచ్చింది.

ఒంగోలుజాతి
జాతి బలం అన్నారు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

తూగో_గేదెలోడు
ఇదే చర్చలో అడుగుతున్నానండి, విడిగా పెట్టమంటే పెడతాను. మా ముర్రా గేదె ఈని ఇరవై రోజులైంది. నాలుగు రోజుల నుంచి మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తోంది. బెబీసియా (పిడుదుల వల్ల వచ్చే, మూత్రం ఎర్రబడే జ్వరం) అని దాని మందు డైమినాజీన్ రెండుసార్లు వేశారు, ఇ-సెలీనియం కూడా. మార్పు లేదు. పాలు సగానికి పడిపోయాయి.

స్లైడు_చూడనిదే
జ్వరం ఉందా? స్లైడు తీశారా? మేత ఏమిటి?

తూగో_గేదెలోడు
జ్వరం లేదండి, 101. స్లైడు తీయలేదు. మేత ఎండు గడ్డి, చెరకు ఆకు, కొద్దిగా తవుడు. పిడుదులు కూడా పెద్దగా లేవు.

స్లైడు_చూడనిదే
ఒక పని చేయండి. మూత్రం తెల్ల గాజుసీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. ఎర్రదనం అడుక్కి దిగి పైన తేటగా ఉంటే అది రక్తమే, మూత్రసంచిలోనో మూత్రపిండంలోనో పుండు. అడుగు నుంచి అంచు దాకా ఒకే రంగు ఉంటే కణాలు పగిలి వచ్చిన హిమోగ్లోబిన్. రెండోదే అయితే, జ్వరం లేదు, ఈని మూడు వారాలు, పాలగేదె, కాబట్టి నా అనుమానం బెబీసియా మీద కాదు, భాస్వరం లోటు మీద. పాలతో భాస్వరం పోతూ మేతలో రాకపోతే ఎర్ర కణానికి శక్తి చాలక పగిలిపోతుంది. దీనికి సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ నరానికి ఎక్కించాలి. అది డాక్టరు చేతుల మీదుగానే జరగాలి, మీరు కొని వేయకండి. ఈ జబ్బులో మాత్రం వైటమిన్ సి నరానికి తోడుగా ఇస్తే మంచి ఫలితం చూశాను.

కొట్టంకాడ
గిదే అంటున్న. ఎర్ర మూత్రం అనంగనే పిడుదుల జ్వరం మందు. జెర వేరే ఏమన్న ఉంటదేమో సూడరా అంటె సూడరు.

బ్రౌనీ_వాళ్లమ్మ
ఆవుల మధ్య కుక్కను తెచ్చినందుకు క్షమించాలి. మా ల్యాబ్రడార్‌కి పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా, బెబీసియా గిబ్సొనై రెండు జబ్బులూ ఉన్నాయన్నారు. డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్ 28 రోజులు నడుస్తోంది. ప్లేట్‌లెట్స్ కోసమని బొప్పాయి ఆకు రసం, వైటమిన్ ఇ గుళికలు, ఇంకా ఏదో యాంటీ ఆక్సిడెంట్ సిరప్. బ్రౌనీ ఆ సిరప్ తాగి నా చీర మీదే కక్కుతుంది.

రాజేంద్రనగర్_హాస్టల్
ఎర్లిషియా అసలు పరాన్నజీవి కాదు అక్కా, బ్యాక్టీరియా. దానికి డాక్సీ ప్రాణం, 28 రోజులూ మానొద్దు. డాక్సీ మాత్రను తిండితో పాటు వేసి పైన నీళ్లు పట్టించండి, లేకపోతే గొంతులో, అన్నవాహికలో పుండు పడుతుంది. గిబ్సొనైకి డాక్సీ ఒక్కటే చాలదు, వేరే మందులు కలుపుతారు, అది అడగండి. కక్కిస్తున్న సిరప్ కోసం తిండి పోగొట్టుకోవద్దు.

బ్రౌనీ_వాళ్లమ్మ
అడిగాను. గిబ్సొనై మందు రేపటి నుంచి మొదలు. సిరప్ ఆపమన్నారు. చీర డ్రైక్లీనింగ్‌కి వెళ్లింది.

మందులషాపు_మాజీ
సెలీనియం గురించి ఒక హెచ్చరిక. రైతులు దీన్ని బి కాంప్లెక్స్‌లాగా అనుకుంటారు. ఒకాయన దూడకి పెద్దావు డోసు వేశాడు, మేమిచ్చిన సీసానే. సాయంత్రానికి ఒగర్చుతూ నేలకి పడిపోయింది. ఆ రోజు నుంచి నేను ఆ మందు చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వలేదు, మా ఓనరు తిట్టినా సరే.

స్లైడు_చూడనిదే
+1. అవసరానికీ విషానికీ మధ్య సందు చాలా తక్కువ ఉన్న ఖనిజం అది. సి ఎక్కువైతే మూత్రంలో పోతుంది, సెలీనియం అలా పోదు. ఐరన్ కూడా అంతే, జబ్బు ముదిరి ఉన్నప్పుడు ఐరన్ సూది మీద నాకు మోజు లేదు. థైలేరియాలో పగిలిన కణాల ఇనుము ఒంట్లోనే ఉంటుంది, పైగా విడిగా తిరిగే ఇనుమే ఆక్సిడేషన్‌కి అగ్గిపుల్ల. పాలక్యాను గారూ, మీ చీటీలో నేను కొట్టేసేది ఏదైనా ఉంటే అదొక్కటే. మీ డాక్టరుతో మాట్లాడి చూడండి, ఆవును చూసింది ఆయన, నేను కాదు.

పుంగనూరు_పాలక్యాను
ఆయన్ని అడిగినా. "వారం ఆగి వేద్దాంలే" అన్నాడు. మీ పేరు చెప్పలేదు లెండి.

పచ్చమేత
ఇన్ని పోస్టుల్లో పచ్చగడ్డి మాట ఒక్కరూ ఎత్తలేదు. వైటమిన్ ఇ, బీటా కెరోటిన్ పుష్కలంగా ఉండేది అందులోనే. ఎండు వరిగడ్డిలో ఆ రెండూ దాదాపు ఉండవు. మార్చి నుంచి జూన్ దాకా ఎండు గడ్డి, తవుడు మీద నెట్టుకొచ్చి, సరిగ్గా పిడుదులు పెరిగే కాలానికి ఆవును ఖాళీ చేతులతో నిలబెడుతున్నాం. నాలుగు సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి, గట్టున లూసర్న్ మేత వేసుకుంటే సీసా ఖర్చు సగం తగ్గుతుంది.

నాటుకోడి_నాయుడు
నీళ్లుండాలి కదా స్వామీ. మా బోరు దగ్గుతోంది.

పచ్చమేత
పాకలో కడిగిన నీళ్లు చాలు నాలుగు సెంట్లకి.

కొట్టంకాడ
టీకా ఉన్నదంట కదా, నిజమేనా?

స్లైడు_చూడనిదే
ఉంది. మన హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారీ, రక్షావ్యాక్-టి. రెండు నెలలు దాటిన క్రాస్ దూడలకి 3 మి.లీ. చర్మం కింద. చూడి పశువులకి వేయరు. బతికున్న కణాలతో చేసిన టీకా కాబట్టి ద్రవ నత్రజనిలో ఉంచాలి, అందుకే పల్లెలో ఫ్రిజ్ ఉన్న షాపులో దొరకదు. నలుగురు రైతులు కలిసి అడిగితే తెప్పించడం తేలిక.

పుంగనూరు_పాలక్యాను
పదో రోజు కబురు. జొరం రెండో రోజుకే దిగింది. నిన్న దాణా తొట్టి నాకేసింది. కనురెప్ప లోపల లేత గులాబీ తిరిగింది. పాలు పూటకి మూడు లీటర్లు. సి, ఇ సూదులు రెండేసి పడ్డాయి, వాటివల్లో బ్యూపర్వకోన్ వల్లో నాకు తెలీదు.

మందులషాపు_మాజీ
ఎవరికీ తెలీదు. అదే నేను మొదటి నుంచి అంటున్నది.

తూగో_గేదెలోడు
సీసా పరీక్ష చేశానండి, అడుగు నుంచి అంచు దాకా ఒకే రంగు. మా డాక్టరుగారికి ఫోన్లో చెప్తే ఫాస్ఫేట్ ఎక్కించారు. మూడో రోజుకి మూత్రం టీ రంగు, ఈ రోజు మామూలు. వైటమిన్ సి కూడా ఇచ్చారు. మాజీ గారూ, ఇక్కడ కూడా ఏది పనిచేసిందో నాకు తెలీదు, గేదె మాత్రం తింటోంది.

నాటుకోడి_నాయుడు
పాక గోడల పగుళ్లలో చూశారా ఎవరైనా? ఆ హయలోమాలు అక్కడే కాపురం. నేను పగుళ్లకి మంట పెట్టి, సిమెంటు పూసి, పది నాటుకోళ్లను వదిలాను. కోడి పిడుదును ఏరుకుని తింటుంది. దానికి వైటమిన్, నాకు గుడ్డు.

పుంగనూరు_పాలక్యాను
పగుళ్లకి ఆదివారం ముహూర్తం పెట్టినా. ఇంకో సంగతి. పెయ్యకి సాయంత్రం నుంచి 103.4, చెవి వెనక మూడు పిడుదులు. ఈసారి సూదులాయన గేటు దాకా వచ్చి "శక్తికి ఒకటి వేసేదా అన్నా" అన్నాడు. టీ ఇచ్చి పంపినా. డాక్టరు పొద్దున వస్తాడంట, రాలేకపోతే చెవి కొస రక్తం స్లైడు మీద పూసి పంపమన్నాడు. రెండు గాజు పలకలు ఇచ్చినాడు.

స్లైడు_చూడనిదే
పలచగా లాగండి, చిక్కగా పూస్తే ఏమీ కనబడదు. ఆరేదాకా పైన పళ్లెం బోర్లించండి, ఈగలు వాలితే పూత మొత్తం నాకేస్తాయి.